మెడ కుడివైపు వంచి చదవవలెను

నంబరాయన దేన్నైనా లైట్ తీసుకునే మనిషి.

పైకప్పు కారితే "వాన కదా, ఇంకెక్కడికి పోతుంది పాపం" అనేవాడు. స్కూటర్ మొరాయిస్తే "దానికీ ఓ ఆదివారం ఉండొద్దూ" అనేవాడు. ముప్పై ఏళ్లుగా బళ్లకి నంబర్ ప్లేట్లు రాసే పెయింటరు కాబట్టి, లోకంలో కష్టాలన్నీ పది అంకెల్లో ఇమిడిపోతాయని ఆయన నమ్మకం. ఆ పది అంకెలకీ ఆయన దగ్గరున్న రేకు అచ్చులు తొమ్మిదే. ఆరుకీ తొమ్మిదికీ ఒకటే అచ్చు. తిరగేస్తే సరి.

"మనుషులూ అంతేనోయ్. తిరగేసి చూస్తే ఎవరైనా బాగానే ఉంటారు" అనేవాడు భార్యతో.

"మిమ్మల్ని ఇరవై ఆరేళ్లుగా తిరగేస్తున్నాను. రెండు వైపులా ఒకేలా మాడారు" అనేది ఆవిడ.

ఆవిడ అమ్మాయిల స్కూల్లో డ్రిల్లు టీచరు. మెడలో విజిల్ లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు లేరు. వీధిలో అందరికీ ఆవిడ విజిలమ్మ. ఇంట్లో కూడా పాలన అంతా విజిల్ మీదే. ఒక్కసారి ఊదితే టీ చల్లారుతోందని. రెండుసార్లు ఊదితే కుళాయి కట్టెయ్యమని. మూడుసార్లు ఊదితే మాత్రం, 'మీరేదో చేశారు, అదేంటో నాకు తెలిసిపోయింది, వచ్చి వరుసలో నిలబడండి' అని అర్థం. ఇంట్లో ఉండేదే ఇద్దరు. అయినా నంబరాయన వచ్చి వరుసలో నిలబడేవాడు.

అలాంటి విజిలమ్మకి ఐదు వారాల కిందట న్యుమోనియా వచ్చింది.

ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం మంచం పక్కనున్న మెషీన్‌లో ఆవిడ ఆక్సిజన్ ఎనభై నాలుగని కనిపించింది. నంబరాయన తన బతుకులో ఎనభై నాలుగు కొన్ని వందలసార్లు రాసి ఉంటాడు. కళ్లు మూసుకుని రాయగలడు. కానీ ఆ అంకె అంత పెద్దగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఆవిడ కోలుకుని ఇంటికొచ్చాక కూడా, ఎవరో ఎనభై నాలుగుతో ముగిసే నంబరు రాయమని బండి తెస్తే, "బ్రష్షు బాగాలేదండీ" అని పంపించేశాడు.

లైట్ తీసుకునే మనిషి కాస్తా ఆ రోజు నుంచి వేరే రకం లైటుకి దాసుడయ్యాడు.

ఆ లైటు ఒక చిన్న పెట్టెలో ఉంది. వేలికి తగిలించుకునేది. ఆక్సీమీటరు అని డాక్టరు గారు, బట్టల క్లిప్పు అని విజిలమ్మ. వేలు లోపల పెడితే ఎర్రగా వెలుగుతుంది. కాసేపటికి పైనున్న తెర మీద రెండు అంకెలు వస్తాయి. ఒకటి రక్తంలో ఆక్సిజన్ నూటికి ఎంతుందో చెబుతుంది, రెండోది నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుంది.

"వచ్చే సోమవారం దాకా రోజూ పొద్దునా సాయంత్రం చూసుకోండి" అన్నారు డాక్టరు గారు. "కూర్చుని ఒకసారి, వరండాలో ఆరు నిమిషాలు నడిచి ఒకసారి. తొంభై ఐదుకి తగ్గకుండా ఉంటే మేడమ్ స్కూలుకి వెళ్లొచ్చు."

అంతే, విజిలమ్మ మొహం గ్రౌండంత అయింది. సోమవారం తర్వాత గురువారం వస్తుంది. ఆ గురువారం స్కూళ్ల మధ్య పరుగు పందేలు. నలుగురు అమ్మాయిలకి రిలే పరుగు నేర్పి, కర్ర చేతులు మారేటప్పుడు కింద పడెయ్యకుండా ఉండటానికి ఆవిడ మూడేళ్లుగా గొంతు చించుకుంటోంది. ఆవిడ లేకపోతే ఆ పిల్లలు కర్రని చంటిపిల్లని అందించినట్టు భయం భయంగా అందిస్తారు.

నంబరాయన మొహం మాత్రం అచ్చు పోసిన సున్నాలా అయింది.

"ఇంకో నెల ఆగితే ఏం పోయింది?" అన్నాడు ఇంటికి రాగానే.

"రేసు పోతుంది."

"ఆ ఎండ, ఆ దుమ్ము..."

"దుమ్ములోనే కదండీ నేను ఉద్యోగం చేసేది. బ్యాంకులోనా?"

"ముందు ఆ విజిల్ ఊది చూపించు. అప్పుడు మాట్లాడదాం."

విజిలమ్మ మేకుకి తగిలించి ఉన్న విజిల్ తీసి ఊదింది. 'ఫుస్' అంది. టైర్లో గాలి దిగినట్టు.

ఆవిడ విజిల్ మళ్లీ మేకుకి తగిలించింది. గెలిచినందుకు ఆయనకి సంతోషం వెయ్యలేదు.

మర్నాడు పొద్దున కొలిస్తే తొంభై ఏడు వచ్చింది. నడిచాక తొంభై ఆరు. విజిలమ్మ పాటందుకుంది. నంబరాయన ఆస్పత్రిలో ఆవిణ్ణి చూసుకున్న నర్సమ్మకి ఫోన్ చేశాడు. రోజుకి ఎనిమిదిసార్లు చేస్తుండటంతో ఆవిడ 'హలో' కూడా మానేసింది.

"ఇప్పుడేమైంది?"

"తొంభై ఏడొచ్చిందమ్మా. ఈ మెషీను నిజమే చెబుతుందంటారా?"

"చెబుతుందండీ. వేలికి ఒక వైపు నుంచి ఎర్ర లైటూ, కంటికి కనపడని ఇంకో లైటూ పంపిస్తుంది. అవతలి వైపుకి ఎంత చేరిందో చూస్తుంది. ఆక్సిజన్ బాగా ఉన్న రక్తం ఎర్ర లైటుని పోనిస్తుంది. లేని రక్తం మింగేస్తుంది. ఆ తేడాని బట్టి లెక్క. చెయ్యి వెచ్చగా ఉండాలి, కదలకూడదు, గోళ్లకి ముదురు రంగు ఉండకూడదు."

"రంగుంటే?"

"లైటు సరిగ్గా దూరదు. ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు."

నంబరాయన ఫోన్ పెట్టేశాడు. వెలుతురుని ఆపే రంగు. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని అదే కదా!

సాయంత్రం ఫ్యాన్సీ షాపుకి వెళ్లాడు.

"ఏ రంగు ఇమ్మంటారు అంకుల్? లేత గులాబీ? పగడం?" అంది షాపు అమ్మాయి.

"వెలుతురు దూరనిదేదైనా ఇవ్వమ్మా."

ఆ అమ్మాయి ఆయన్ని ఓసారి జాలిగా చూసి ముదురు నీలం సీసా ఇచ్చింది.

ఇంటికొచ్చి, గొంతు సవరించుకుని, "నీ గోళ్లకి రంగు వేస్తాను" అన్నాడు.

"నాకా? గోళ్లకా? మీరా?" ఒక్కో మాటకీ విజిలమ్మ కనుబొమలు ఒక్కో మెట్టు ఎక్కాయి.

"ఊరంతా బళ్లకి వేశాను. ఇంట్లో మనిషికి ఒక్కనాడూ వెయ్యలేదు."

అబద్ధంగా మొదలుపెట్టిన ఆ మాట సగంలోకి వచ్చేసరికి నిజమైపోయింది. అందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

నంబర్ ప్లేటు మూలల్లో చుక్కలు పెట్టే సన్నటి బ్రష్షు కడిగి తెచ్చాడు. ఆవిడ చెయ్యి తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కదలకు. అంచు పోతుంది."

"నేనేమైనా బండినా?"

"బండివి కాదు కాబట్టే చెబుతున్నా. బండి అయితే చెప్పినట్టు వింటుంది."

ఆవిడ నవ్వింది. బొటనవేలి మీద గీత కాస్త ఒంకర పోయింది. ఆస్పత్రిలో సూది గుచ్చిన చోట నీలం మచ్చ ఇంకా లేతగా ఉంది. ఆయన దాని పక్క నుంచి బ్రష్షుని మెల్లిగా దాటించాడు. పది గోళ్లకీ గంట పట్టింది. ఆవిడ మధ్యలో ఒక్క విసురు మాట కూడా అనలేదు. అందుకే ఆయనకి కాస్త భయం వేసింది.

"రెండో కోటు కూడా వేస్తారా?" అంది చివర్లో, చిన్న గొంతుతో.

వేశాడు. కిందటి శీతాకాలం కొంటానని కొనని ఉన్ని కోటుకి బదులు ఇదే అనుకోమన్నాడు.

మర్నాడు ఆక్సీమీటరు తొంభై మూడు చూపించింది.

నంబరాయన ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత, పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాడు. రోజువారీ లెక్క కోసం గోడ మీద అంటించిన అట్టలో ఆ అంకెని నీడతో సహా చెక్కినట్టు రాశాడు. ఎంత బాగా రాశాడంటే, చూసినవాళ్లు అది ఆ ఇంటి నంబరనుకునేలా ఉంది.

"తొంభై మూడే" అంది విజిలమ్మ.

"లైట్ తీసుకోవే. రెస్టు తీసుకుంటే అదే పెరుగుతుంది. ఇంకో నెల."

శుక్రవారం తొంభై రెండు, శనివారం మళ్లీ తొంభై మూడు. వంట ఆయనే చేశాడు. ఇల్లు ఆయనే ఊడ్చాడు. ఆవిడ పడుకుంటే తలుపు చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగాడు. దొంగతనం చేసేవాడికి ఇంత పనుంటుందని ఆయనకి తెలియదు.

శనివారం మధ్యాహ్నం గదిలోకి తొంగి చూస్తే, విజిలమ్మ తన నీలం ట్రాక్ సూట్ ఒళ్లో పెట్టుకుని మడత పెడుతోంది. మెల్లిగా, ఒక్కో ముడతా అరచేత్తో సాపు చేస్తూ. ఇక అక్కర్లేని బట్టని దాచిపెట్టినట్టుగా.

నంబరాయనకి వంటింట్లోకి వెళ్లి నిలబడాలనిపించింది. వెళ్లి నిలబడ్డాడు. చెప్పేద్దామా? రంగు తీసేద్దామా? రంగు తుడిచే మందు సీసా తీశాడు, పెట్టాడు. ఎనభై నాలుగు గుర్తొచ్చింది. సీసాని డబ్బాల వెనక్కి తోసేశాడు.

ఆదివారం పొద్దున సైరన్ మోగింది.

సైరన్ అంటే విజిలమ్మ అక్కగారు. చెల్లెలు విజిల్ అయితే అక్క సైరన్. వీధి మలుపులో ఉండగానే ఆవిడ గొంతు ఇంట్లోకి వచ్చేస్తుంది, మనిషి తర్వాత వస్తుంది.

"ఏమయ్యా మరిదీ! నా చెల్లెల్ని ఎముకల గూడు చేశావట!"

"రండి వదినా, రండి" అంటూ నంబరాయన టీ పెట్టడానికి వంటింట్లోకి తప్పించుకున్నాడు.

రెండు నిమిషాలు కాలేదు. ముందుగదిలోంచి ఒక కేక వచ్చింది. పొయ్యి మీద టీ గిన్నె కూడా ఉలిక్కిపడి పొంగింది.

"ఎనభై ఆరు! ఓరి నాయనో, ఎనభై ఆరు!"

నంబరాయన చేతిలో గరిటెతో పరుగెత్తాడు. విజిలమ్మ కుర్చీలో శాలువా కప్పుకుని ఉంది. వేలికి క్లిప్పు ఉంది. సైరన్ వదిన ఆ చేతిని పట్టుకుని, మెడ ఒక పక్కకి వంచి చదువుతోంది. నంబరాయన కూడా ఆవిడ పక్కన చేరి, ఆవిడ మెడ ఎటు వంగితే తన మెడా అటే వంచాడు. ఎనభై ఆరు. నాడి అరవై తొమ్మిది. చుట్టూ ఉన్న చిన్న అక్షరాలు కళ్లజోడు లేని ఇద్దరికీ చీమల బారులా ఉన్నాయి.

రంగు వేస్తే తొంభై మూడు. తొంభై రెండు. అంతేగానీ ఎనభై ఆరేంటి? ఎనభై నాలుగుకి రెండంటే రెండే దూరం!

"అక్కా, తల ఇటు..." అంది విజిలమ్మ.

"మాట్లాడకు! ఊపిరి ఖర్చయిపోతుంది!" అని సైరన్ వదిన చెల్లెలి నోరు మూసేసింది. మూసింది ముక్కుతో కలిపి మూసింది.

"వదినా, ముక్కు వదలండి, ముక్కు!"

"నువ్వు కిటికీలు తియ్యవయ్యా!"

నంబరాయన కిటికీలు తీశాడు. చాలక తలుపు తీశాడు. చాలక బీరువా తలుపులు కూడా తీశాడు. గోడకి ఆనించి ఉన్న ఖాళీ నంబర్ ప్లేటు అందుకుని టపటపా విసరడం మొదలుపెట్టాడు. సైరన్ వదిన ఆయన ఫోన్ లాక్కుని చివరి నంబరు నొక్కింది. ఆ ఫోన్లో చివరి నంబరు ఎప్పుడూ నర్సమ్మదే.

"ఆక్సిజన్ ఎనభై ఆరమ్మా!" అని ఫోన్లో మోగింది సైరన్.

"అయ్యో! పేషెంటు ఎలా ఉన్నారు? తెలివిలో ఉన్నారా? పెదాలు నీలంగా ఉన్నాయా?"

"పెదాలు బాగానే ఉన్నాయి, గోళ్లే నీలంగా ఉన్నాయి!"

ఆ మాటతో నంబరాయన చేతిలోంచి ప్లేటు జారి పడింది. మనిషి ప్లేటు ఫిరాయించడం అంటే ఏంటో ఆ గది కళ్లారా చూసింది.

"గోళ్లు నావల్లమ్మా! రంగు నేనే వేశాను! లెక్క తగ్గాలనే వేశాను! స్కూలుకి వెళ్లకూడదని వేశాను! కానీ ఎనభై ఆరు నా రంగు కాదు, అది నిజంగా తగ్గింది, రంగు మాటున నిజం నాకు కనపడకుండా పోయింది..." అంటూనే భార్యని కుర్చీలోంచి రెండు చేతుల్తో ఎత్తేశాడు. పెళ్లయిన కొత్తలో ఎత్తినప్పటి బరువు లెక్క వేసుకున్నాడు కాబట్టి మొదటి అడుగు బాగానే పడింది. రెండో అడుగుకి మోకాళ్లు కటకటలాడాయి. మూడో అడుగుకి గుమ్మంలో అడ్డంగా ఇరుక్కున్నారు.

"దించండి! ఏమండీ, దించండి నన్ను!" అని విజిలమ్మ ఆయన వీపు మీద గుద్దుతోంది.

"ఏం చేస్తున్నారు పేషెంటు?" అంటోంది ఫోన్లో నర్సమ్మ.

"మరిదిని కొడుతోంది!"

"ఎనభై ఆరు ఉన్నవాళ్లు అంత గట్టిగా కొట్టరే! చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఎలా ఉన్నా మెషీను ఓసారి సరిగ్గా చూడండమ్మా!"

ఎవరు చూస్తారు? గుమ్మం పక్కనే మేకు ఉంది. మేకుకి విజిల్ ఉంది. ఇరుక్కున్న విజిలమ్మ చెయ్యి చాపి విజిల్ అందుకుని నోట్లో పెట్టుకుంది.

మొదటిది మోగింది.

ఫుస్సు కాదు. ఐదు వారాలుగా ఆ ఇంట్లో వినపడని మోత. కిటికీ మీది పిట్ట ఎగిరిపోయింది. రెండోది మోగింది. సైరన్ ఆగిపోయింది. మూడోది మోగింది.

నంబరాయన భార్యని మెల్లిగా దించాడు. వెనక్కి నడిచాడు. వచ్చి వరుసలో నిలబడ్డాడు. పక్కన సైరన్ వదిన కూడా తెలియకుండానే నిలబడింది.

"ఇద్దరూ మెడ కుడివైపుకి వంచండి" అంది విజిలమ్మ, వేలు ముందుకు చాపి.

వంచారు. తొంభై ఎనిమిది.

"ఎడమవైపుకి."

ఎనభై ఆరు.

"కుడి."

తొంభై ఎనిమిది.

"నాడి సంగతి చూడకండి. అరవై తొమ్మిది ఎటు తిప్పినా అరవై తొమ్మిదే. ఏమండీ, ఒక అచ్చుతో ఆరూ తొమ్మిదీ కొట్టే మనిషి మీరు. ప్రపంచంలో ఎవరు తలకిందులుగా చదివినా మీరు చదవొచ్చా?"

నంబరాయన అప్పుడు చూశాడు. క్లిప్పు వేలికి మామూలుగా లేదు. అడ్డంగా ఉంది. లైటు గోరు మీద నుంచి కాకుండా, వేలికి ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతోంది.

"అలా పెట్టమని నేనే చెప్పానండీ" అంది ఫోన్లో నర్సమ్మ. "బుధవారమే మేడమ్ ఫోన్ చేశారు. గోళ్లకి రంగుంది, తియ్యడం ఇష్టం లేదు, ఏం చెయ్యాలమ్మా అన్నారు. వేలికి పక్కల నుంచి పెట్టి చూడండి అన్నాను. అప్పట్నుంచీ రోజూ అడ్డంగా పెట్టి కొలిచినవే నాకు చెబుతున్నారు, తొంభై ఏడు, తొంభై ఎనిమిది. నిన్ననే డాక్టరు గారు సోమవారం దాకా చూడక్కర్లేదు, స్కూలుకి వెళ్లమన్నారు కదా!"

రంగు వేసినవాడి రంగు అలా బయటపడింది.

"అయితే... ఆ ట్రాక్ సూట్ దాచిపెట్టడం..."

"దాచిపెట్టడమా? ఇస్త్రీ చేసి గురువారానికి సర్దుకున్నాను. తోడు రమ్మనే అక్కని పిలిచాను."

"మరి నీకు మొదటి రోజే తెలిస్తే..."

"వెలుతురు దూరని రంగు కావాలని అడిగారట. ఆ షాపు అమ్మాయి నా పాత స్టూడెంటు."

నంబరాయన నేల వైపు చూశాడు. నేల మీద ఖాళీ నంబర్ ప్లేటు పడి ఉంది. దాని మీద కూడా ఆయన రాసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"శ్వాస కొలిచే మెషీను తెచ్చారు, బాగుంది" అంది విజిలమ్మ. "విశ్వాసం సంగతేంటి? అది కూడా వేలికి తగిలించి చూస్తారా? నా విషయంలో వేలు పెట్టొద్దంటే ఏకంగా నా వేళ్లకే ఎసరు పెట్టారు."

"తిట్టు. ఇంకా తిట్టు" అన్నాడు నంబరాయన. "ఆ రోజు ఎనభై నాలుగు నువ్వు చూడలేదే. నేను చూశాను."

సైరన్ వదిన "టీ ఏదో మాడినట్టుంది" అని వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ జీవితంలో మెల్లిగా అన్న మాట అదొక్కటే.

విజిలమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"తీసెయ్యకపోవడానికి కారణం అడగరేం? గోళ్ల మీద రంగు రెండు నిమిషాల్లో పోతుంది. ఇరవై ఆరేళ్లలో మీరు గంట సేపు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. అబద్ధానికి పట్టుకున్నారో నిజానికి పట్టుకున్నారో... బొటనవేలి దగ్గరకి వచ్చేసరికి తెలిసిపోయిందిలెండి."

అని క్లిప్పు తీసి ఆయన వేలికి తగిలించింది. ఎర్రగా వెలిగింది. తొంభై. నాడి నూట ముప్పై.

"నాకు తొంభయ్యేనా?" నంబరాయన మొహం పాలిపోయింది.

"భయపడకండి. మీ గోళ్ల మీద ముప్పై ఏళ్ల కోట్లున్నాయి" అని క్లిప్పుని అడ్డంగా తిప్పింది. తొంభై ఏడు. నాడి మాత్రం నూట ముప్పై దగ్గరే దడదడలాడుతోంది. "అది ఏ పక్క నుంచి చూసినా నిజమే."

దూది తెచ్చి, ఆయన గోళ్ల మీది తెలుపూ నలుపూ పసుపూ ఒక్కొక్క పొరే తియ్యడానికి కూర్చుంది. ఆ పనికీ గంట పట్టింది. ఈసారి ఆయన కదల్లేదు.

శిక్ష మాత్రం తప్పలేదు. విజిలమ్మ గోళ్లు చూసి రిలే పిల్లలు నలుగురూ మాకూ కావాలన్నారట. గురువారం పొద్దున నంబరాయన గ్రౌండు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని నలభై గోళ్లకి ముదురు నీలం వేశాడు, రెండేసి కోట్లు. తర్వాత వాళ్ల వీపు నంబర్లు ఎవరో తప్పుగా కుట్టారని, ఆరుని తొమ్మిది చేసే పని కూడా ఆయన మీదే పడింది. అది మాత్రం సులువు. తిరగేశాడు.

జేబులో క్లిప్పు ఉంది. రెండుసార్లు తీసుకుని విజిలమ్మ వెనకే నడిచాడు. రెండుసార్లూ ఆవిడ వెనక్కి చూడకుండానే "పీట" అంది. వచ్చి పీట మీద కూర్చున్నాడు.

పిల్లలు గీతల దగ్గర నిలబడ్డారు. విజిలమ్మ ఇస్త్రీ చేసిన ట్రాక్ సూట్‌లో గ్రౌండు మధ్యకి నడిచింది. గుండె నిండా గాలి పీల్చుకుని విజిల్ ఊదింది. సాగింది. ఇంకా సాగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నిటారుగా గీత గీసినట్టు సాగుతూనే ఉంది. ఆ గీతకి ఎక్కడా వణుకు లేదు. ఆ పనితనం ఎలాంటిదో ఒక్క పెయింటరుకే తెలుస్తుంది.

విజిల్ ఆగింది. ఆవిడ పీట వైపు తిరిగి చూసింది. మొహం ఎర్రబడి, బుగ్గలు ఉబ్బి, కళ్లు పెద్దవి చేసుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు నంబరాయన.

"ఏమండీ" అంది. "ఇక మీరు కూడా ఊపిరి తీసుకోవచ్చు."